పురిటి మూట

మా అమ్మాయికి తొమ్మిదో నెల నడుస్తున్నది. ఏడో నెలలో సీమంతం జరిపించి, ఒడి నింపి, నిజామాబాదుకు తీసుకువచ్చుకున్నాము. ఆసుపత్రిలో ఏమేమి వెంట తెచ్చుకోవాలో అచ్చువేసిన కాగితం ఒకటి ఇచ్చారు. దాని ప్రకారం ఒక సంచి సర్ది గోడవారగా పెట్టాను. బిడ్డకు మెత్తని బట్టలు, తల్లికి ముందువైపు గుండీలున్న నైటీలు, స్కానింగు కాగితాలు, ఆధార్ కార్డు, ఇంకా ఏవేవో ఉన్నాయి. అవి సర్దుతూంటే మా అమ్మమ్మగారి ఇంట అటక మీద ఉండే పాతచీర మూట ఒకటి మనసులో మెదిలింది. ఇన్నేళ్ళు బడిలో పిల్లలచేత రాజుల వంశావళులు వల్లె వేయించాను గాని, మనమందరమూ ఏ దారిన భూమి మీదికి వచ్చామో ఆ చరిత్రను ఒక్కనాడూ చెప్పలేదు. తెలిసినంత మేరకు ఆ మూట చరిత్రను ఇక్కడ రాసిపెడుతున్నాను.

ముందుగా మాటలు చూద్దాం. తెలుగు పండితులకు అది వదలని అలవాటు. గర్భవతిని చూలాలు అంటాము. చూలు అంటే గర్భం. నెలలు నిండితే నిండు చూలాలు. ప్రసవించడాన్ని పూర్వులు నీళ్ళాడడం అన్నారు. వినడానికి ఎంత తేలికైన మాట! కన్నవాళ్ళకు తెలుసు అది ఎంత బరువైనదో. ‘శ్రీమంతం’ అని మనం పిలిచే వేడుక అసలు పేరు సీమంతం. సీమంతమంటే తలలోని పాపిట. గర్భిణి పాపిటను పైకి తీసే సంస్కారం గనుక గృహ్యసూత్రాలు దానిని సీమంతోన్నయనం అన్నాయి. సంపద కోరే జనం నోట అది శ్రీమంతమయింది. మంత్రసాని అనే మాటలోని సాని ‘స్వామిని’ నుండి వచ్చినది, గౌరవవాచకం. ఆమె కులాన్ని గడప అవతల నిలబెట్టిన సమాజమే, పురుడు వచ్చిననాడు ఆమెను సాని అని లోపలికి పిలుచుకున్నది.

పురుటికి ముందుగా సిద్ధపడడం మన దేశంలో చాలా పాత విషయం. చరకసంహిత శారీరస్థానంలో సూతికాగారం గురించి వివరంగా ఉన్నది. తొమ్మిదో నెలకు ముందే ఆ గృహం కట్టించాలట. నెయ్యి, నూనె, ఉప్పు, పదునైన లోహపు పనిముట్లు, నీరు, నిప్పు సమకూర్చాలట. అంతకంటె ముఖ్యంగా, అనేక కాన్పులు ఎరిగి, స్నేహశీలురై, బెదరిపోకుండా ధైర్యం చెప్పగల స్త్రీలు పక్కన ఉండాలట. వస్తువుల జాబితాతో పాటు మనుషుల గుణాల జాబితా కూడా ఇచ్చిన ఆ పాతకాలపు వైద్యునికి చేతులు జోడించాలి. ఈ మాటకు మళ్ళీ వస్తాను.

మాది బోధను దగ్గరి చెరకు పండే పల్లె. మా అమ్మమ్మ మూటలో ఉండేవి ఇవి: ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన నూలుచీరల పేలికలు, నూలుదారపు ఉండ, పసుపు కొమ్ములు, వాము, శొంఠి, ఆముదపు సీసా, వసకొమ్ము. పక్కనే ఒక కొత్త చాట. పుట్టిన బిడ్డను మొదట పడుకోబెట్టేది దానిలోనే. వీటికి తోడు నిరుటి బెల్లం. గానుగ దగ్గర ఆ ఏడు వండిన కొత్త బెల్లం ఎంత ఉన్నా బాలింతకు పనికిరాదనేది మా అమ్మమ్మ. కుండలో దాచి, మూతికి గుడ్డకట్టి, ఏడాది నిలవచేసిన బెల్లంతోనే కాయం ముద్దలు చేసేది. పెరట్లో కట్టెలు పేర్చి, నీళ్ళు కాచే కాగును తోమించి బోర్లించేవారు. ఆపైన మంత్రసాని అవ్వకు కబురు వెళ్ళేది. ఆమె మంగలివారి ఇల్లాలు. నెలకోమారు వచ్చి, ఆముదంతో పొట్ట నిమిరి, బిడ్డ తల ఎటున్నదో చేతివేళ్ళతో చెప్పేది. ఆమెకు ముట్టేది కొన్ని కుంచాల వడ్లు, ఒక చీర, చేతిలో పెట్టిన కొద్ది పైకం.

అయితే ఆ మూటలో కొత్త గుడ్డ ఒక్కటి కూడా ఉండేది కాదు. బిడ్డ పుట్టకముందే అంగీ కుట్టించరాదు, తొట్టెల కట్టరాదు. ఈ పేలికలు బిడ్డకోసమని పైకి అనరాదు. చిన్నప్పుడు నేను “ఇవి ఎవరికి అమ్మమ్మా?” అని అడిగితే, “ఇల్లు తుడువ” అని ఆమె బదులిచ్చేది. దానిని మూఢనమ్మకమని తోసివేయడం సులభం. కాని నేను దానిని ఒక శాసనంలాగా చదువుతాను. పుట్టినవారిలో ఎందరో తొట్టెల దాకా రాని కాలం అది. ఆశపడి కుట్టించిన అంగీని తిరిగి పెట్టెలో పెట్టుకోవలసి వచ్చిన తల్లులు కల్పించుకున్న జాగ్రత్త అది. ఇరవైయొకటో రోజున చేసే తొట్టెల పండుగ అసలు అర్థం, ‘ఇక వీడు నిలిచాడు’ అని ఊపిరి పీల్చుకోవడమే.

పిల్లలు నిలవకపోవడానికి గల కారణాలలో ఒకటి ఆ మూట పక్కనే ఉండేది. అది బొడ్డు కోసే కొడవలి. కోసిన చోట బూడిద అద్దేవారు. వారం తిరగకుండా బిడ్డ పాలు పట్టడం మానేది, కట్టెలా బిగుసుకుపోయేది. గాలి సోకిందనేవారు. అది ధనుర్వాతం. 1847లోనే వియన్నా నగరంలో సెమ్మెల్వైస్ అనే వైద్యుడు, కాన్పుచేసే చేతులను శుద్ధిచేసుకుంటే తల్లుల చావులు తగ్గుతాయని నిరూపించాడు. అతని మాటను తోటి వైద్యులే చెవిని పెట్టలేదు. ఇక మా ఊరి అవ్వను తప్పుపట్టడానికి మనమెవరము? ఆమెకు ఎవరైనా చెప్పి ఉంటే వినేది. చెప్పినప్పుడు విన్నది కూడా. మంత్రసానులకు శిక్షణలిచ్చి, శుభ్రమైన చేతులు, శుభ్రమైన పక్క, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, ఏమీ పూయని బొడ్డు అని అయిదు శుభ్రతలు నేర్పారు. గర్భిణులకు ధనుర్వాతపు టీకాలు వచ్చాయి. 2003లో, దేశంలో అన్ని రాష్ట్రాల కంటె ముందుగా, నాటి ఆంధ్రప్రదేశ్ నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్లు ధ్రువీకరణ పొందింది. దేశమంతటికీ ఆ మాట 2015లో వచ్చింది.

మా ప్రాంతపు చరిత్ర అనగానే అందరూ చెప్పేది నిజాంసాగరం, చక్కెర ఫ్యాక్టరీ. మంజీర మీద 1923లో మొదలైన ఆనకట్ట 1931 నాటికి పూర్తయింది. ఆ నీటితో చెరకు పెరిగింది. 1937లో బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది, దానిచుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా చెప్పుకున్న కర్మాగారం అది. రొక్కం వచ్చింది, రోడ్లు వచ్చాయి, దేశదేశాల కార్మికులు వచ్చారు. కాని ఆ సిరి పురిటి గది గడప దాటడానికి చాలాకాలం పట్టింది. పైగా ఫ్యాక్టరీ గంటకు, కోత కాలానికి కట్టుబడిన బతుకుల్లో తల్లిగారింటికి వెళ్ళడమనేదే ఒక భోగం. చలికాలంలో క్రషింగు మొదలైతే నిండు చూలాళ్ళు సైతం చెరకు నరికేవారు. గుడిసెలోనే, ఒక్కొక్కప్పుడు గెట్టు మీదనే నీళ్ళాడేవారు. సీమంతాలు, కాయం ముద్దలు మన ఆచారాలని గొప్పగా చెప్పుకునేటప్పుడు, అవి లేకుండా కన్న తల్లులు కూడా మన ఊళ్ళవాళ్ళేనని మరువకూడదు.

ఇక చెప్పవలసిన కష్టమైన మాట ఒకటి ఉన్నది. 1967 మాఘమాసంలో మా చిన్నమ్మ పురిటికి తల్లిగారింటికి వచ్చింది. నాకు ఏడేళ్ళు. మూట సిద్ధంగా ఉన్నది. కాగులో నీళ్ళు మరుగుతున్నాయి. “భయపడకు బిడ్డా, పొద్దుపొడిచేసరికి నీ ఒళ్ళె కొడుకుంటడు” అని అవ్వ లోపలినుండి అంటున్న మాట నాకు నేటికీ వినిపిస్తుంది. అన్నట్లే తెల్లవారుతుండగా కొడుకు పుట్టాడు. కాని మాయ పడలేదు. నెత్తురు ఆగలేదు. అవ్వ తనకు తెలిసినదంతా చేసింది. తరువాత బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, “ఇగ నాతోని కాదు, బండి కట్టుండ్రి” అన్నది. బండి కోసం, ఎడ్ల కోసం, తోడుకోసం, ‘ఇంకాసేపు చూద్దాం’ అన్న పెద్దల మాటకోసం గంటకు పైగా గడిచింది. బోధను తోవలో చెరకుబండ్లు బారులు తీరి ఉన్నాయి. విషయం తెలిసిన బండివాళ్ళు ఒక్కొక్కరే బరువుతో ఉన్న ఎడ్లను పక్కపొలంలోకి దింపి దారి ఇచ్చారని మా మామయ్య చెప్పేవాడు. రెండు బండ్లు బురదలో కూరుకుపోయాయి కూడా. ఎవరూ తప్పు చేయలేదు. అయినా చిన్నమ్మ తోవలోనే పోయింది. ఆ బిడ్డను మా అమ్మమ్మే పెంచింది. అతడు నేడు మనుమలను ఎత్తుకుంటున్నాడు.

ఆనాటి మా మూటలో లేనిది ఏమిటో నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. తల్లుల మరణాలను అధ్యయనం చేసిన తడ్డియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో మూడు ఆలస్యాల సిద్ధాంతం చెప్పారు. వెళ్ళాలని నిశ్చయించుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరిన తరువాత చికిత్స అందడంలో ఆలస్యం. ఆ మాట చదివిననాడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మొదటి రెండూ మా ఇంట జరిగినవే. అన్నీ సవ్యంగా జరిగే పురుటికి మా అమ్మమ్మ సంపూర్ణంగా సిద్ధపడింది. సవ్యంగా జరగని పురుటికి సిద్ధపడడానికి ఆమె చేతిలో ఏమీ లేదు.

చేరినచోట చికిత్స లేకపోవడమనే మూడో ఆలస్యం రాజభవనాలను సైతం విడువలేదు. ఒట్టోమన్ వంశానికి చెందిన నీలోఫర్ 1931లో ఏడవ నిజాం రెండవ కుమారుడు మొజ్జంజాను వివాహమాడింది. ఆమెకు సంతానం కలుగలేదు. 1949లో ఆమెకు ఎంతో ఇష్టమైన పరిచారిక రఫత్ ప్రసవంలో మరణించింది. ఆ దుఃఖం నుండి పుట్టిన ప్రయత్నమే 1953లో హైదరాబాదులో వెలసిన నీలోఫర్ ఆసుపత్రి. ఎన్ని లక్షలమంది తల్లులు బిడ్డలతో ఆ ద్వారం దాటారో! ఆ రఫత్ పేరు తెలిసినవారు కొద్దిమందే.

మన పల్లెలకు దారి తెరుచుకున్నది ఇంకా ఆలస్యంగా. 2005లో ఆసుపత్రి కాన్పులకు ప్రోత్సాహమిచ్చే జననీ సురక్షా యోజన వచ్చింది. అదే ఏడు ఆగస్టు 15న 108 బండ్లు తిరగడం మొదలయింది. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి నెలలు లెక్కపెట్టడం నేర్పారు. 2013లో నిజామాబాదులో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సర్కారు దవాఖానలో కాన్పయిన తల్లులకు సబ్బులు, నూనె, దోమతెర, బట్టలు వంటి 16 వస్తువుల కిట్టు ఇవ్వడం ప్రారంభించింది. పురిటి మూటను ప్రభుత్వమే కట్టి ఇవ్వడమన్నమాట! 2001-03లో ఉమ్మడి రాష్ట్రంలో లక్ష సజీవ జననాలకు 195 మంది తల్లులు మరణించేవారు. 2018-20 నాటికి తెలంగాణలో ఆ సంఖ్య 43. ఈ రెండు అంకెల మధ్యనున్న తేడాను నేను అంకెగా చూడలేను. ఎందరో చిన్నమ్మలుగా చూస్తాను.

కాని పాతదంతా చీకటి, కొత్తదంతా వెలుగు అని రాస్తే అది చరిత్ర కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే. అందులో సంతోషమున్నది. అదే సర్వే ప్రకారం నూటికి దాదాపు 61 కాన్పులు శస్త్రచికిత్సతోనే. ప్రైవేటు ఆసుపత్రులలో అయితే 80 దాటింది. జనాభా మొత్తం మీద నూటికి పది దాటిన తరువాత ఈ శస్త్రచికిత్సలు పెరిగినందువల్ల మరణాలు మరింత తగ్గినట్లు కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. కత్తి అవసరమైనవారికి అది అమృతమే, మా చిన్నమ్మ కథ తెలిసిన నేను దానిని నిందించను. అయితే ఇందరికి అవసరమా? ముహూర్తం చూసి కాన్పు పెట్టించుకునే వారికి, నొప్పులంటే భయపడేవారికి, ఓపికపట్టే తీరిక లేనివారికి, అందరికీ ఇందులో పాలున్నది.

నొప్పుల గదిలో చేయి పట్టుకొని ధైర్యం చెప్పే మనిషి కరువు కావడం కూడా ఒక కారణమని నాకు తోస్తుంది. కాన్పు సమయంలో తల్లి కోరుకున్న తోడు పక్కన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. 2017లోనే తెలంగాణలో, కరీంనగరులో మొదలుపెట్టి, నర్సులకు ప్రత్యేకంగా ప్రసూతి సహాయకులుగా శిక్షణ ఇవ్వసాగారు. చరకుడు చెప్పిన స్నేహశీలురైన స్త్రీలను, మా ఊరి అవ్వను, ఇంతకాలానికి మళ్ళీ చదువు చెప్పి పిలుచుకుంటున్నామన్నమాట. ఇందాక మళ్ళీ వస్తానన్నది ఈ మాటకే.

మొన్న మా అమ్మాయి సంచిలో నేను ఒక తెల్లకాగితం పెట్టాను. ఆమె రక్తపు గ్రూపు, అవసరమైతే వచ్చి నెత్తురిస్తామన్న ఇద్దరు బంధువుల ఫోను నంబర్లు, అర్ధరాత్రి పిలిచినా వచ్చే ఆటో అతని నంబరు, నెత్తురు పోయినా, తల తిరిగినా, చూపు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా ఎవరినీ అడగకుండా బయలుదేరాలన్న మాట రాశాను. ఆ చివరిది అల్లునికి, వియ్యపురాలికి కూడా చదివి వినిపించాను. లోపల ఎవరు తోడుండాలన్న ప్రశ్నకు అమ్మాయి తానే ‘అమ్మ’ అని రాసుకున్నది. అడుగున మా అమ్మమ్మ నూలుచీర పేలిక ఒకటి, ఉతికి, ఇస్త్రీ చేసి పెట్టాను. కొత్త అంగీలు కూడా రెండు కొన్నాను. కొనేటప్పుడు చేయి కొంచెం వణికిన మాట నిజం.

బోధను తోవలో ఇప్పుడు చెరకుబండ్ల బారులు లేవు. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ చరిత్రను రాసేవారు ఉన్నారు, రాస్తారు. ఆ బండ్లను పొలంలోకి దింపినవారి సంగతి మాత్రం మనమే రాసుకోవాలి. మీ ఇళ్ళలో ఎనభై దాటిన పెద్దలుంటే, వారు ఎక్కడ, ఎవరి చేతులమీద పుట్టారో, ఎవరెవరు దక్కలేదో అడిగి రాసిపెట్టుకోండి. అడిగేవారు లేక వారు చెప్పడం లేదు గాని, అడిగితే చెబుతారు.