బగ్ ఎవరిది?

మా విశాఖ పక్కన సబ్బవరంలో దామోదరం సంజీవయ్య గారి పేరు మీద లా యూనివర్సిటీ ఉంది. ఆ చుట్టుపక్కల రైతులకి అడంగల్, పాస్‌బుక్ కొట్టినపిండి. అదే భూమి తగాదా హైకోర్టుకెక్కితే తీర్పు ఇంగ్లీషులో వస్తుంది! గెలిచాడో ఓడాడో ప్లీడరు గారు చెప్పాల్సిందే.

కాస్త వెనక్కి వెళ్దాం. 1966లోనే చట్టం చేసి తెలుగుని అధికార భాషని చేశాం. హైకోర్టుకి మాత్రం రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం ఇంగ్లీషే. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. దరఖాస్తు తెలుగులో పెట్టుకోవచ్చు. రాయలేనివాళ్ళు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి అధికారే సాయం చెయ్యాలి. 2019లో సుప్రీంకోర్టు తీర్పులకి తెలుగు అనువాదాలు మొదలయ్యాయి. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో ఏకంగా తెలుగులోనే తీర్పిచ్చింది.

వీటన్నిట్లో నాకు నచ్చింది 2005 నాటి ఆ చిన్న నిబంధన. మిగతావన్నీ ఏ భాషలో రాయాలన్న గొడవే. ఇదొక్కటే ఎదుటి మనిషికి రాయడం రాకపోవచ్చని ముందే ఆలోచించి, ఆ పూచీ ఆఫీసు మీద పెట్టింది.

మనం రాసిన ఎర్రర్ మెసేజ్ యూజర్‌కి అర్థం కాకపోతే బగ్ మనదే కదా? సర్కారు నోటీసుకీ అదే రూలు ఉండాలి. సంస్కృత సమాసాలు దట్టించిన తెలుగు నోటీసైనా సరే, రైతుకి అర్థం కాకపోతే అదీ ఇంగ్లీషు కిందే లెక్క.