చెరువు కింద ఊరు, రైలు పక్క తిరుగుబాటు

మా కొత్తచెరువులో బస్సెక్కి ధర్మవరం దాటితే అనంతపురం. కాలేజీకైనా, కోర్టుకైనా, పెద్ద డాక్టరుకైనా మా తరానికి టౌనంటే అదే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక మా కలెక్టరు పక్కనున్న పుట్టపర్తికి వచ్చేశాడు. లెక్క ప్రకారం అనంతపురం నాకిప్పుడు పరాయి జిల్లా. నోటికి మాత్రం అది ఇంకా మా జిల్లాయే.

ఆ ఊరు పుట్టిందే చెరువు వల్ల. 1364లో విజయనగర రాజు బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరుకు అడ్డంగా కట్ట వేయించాడు. కట్టకు ఈ కొసన ఒక పల్లె, ఆ కొసన ఒక పల్లె. ఒకటి బుక్కరాయసముద్రం, రెండోది అనంతసాగరం. సముద్రం, సాగరం! వాన మొహం చూడని నేలకు ఎంత ఆశ చూడండి. కట్ట తెగబోతే ఊరి కోసం బలైన కోడలు ముసలమ్మ కథ కూడా ఇక్కడిదే. కట్టమంచి రామలింగారెడ్డి దాన్నే కావ్యం చేశాడు. పోయిన కోడలి పేరు నిలిచింది. పొమ్మన్న పెద్దమనుషుల పేర్లు ఎవరికీ తెలియవు. పండమేరు మాత్రం తన దారి మరిచిపోలేదు: 2022 అక్టోబరులో పొంగి, అడ్డొచ్చిన కాలనీల్లోకి దూరింది.

1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి ఇచ్చేశాడు. కలెక్టరు మన్రో అనంతపురంలో మకాం పెట్టి రైతువారీ శిస్తు లెక్కలు రాయించాడు. 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేశారు. ఆ తర్వాతి కథ రైలుదే.

గుంతకల్లు పెద్ద జంక్షను. 1893 అక్టోబరు 4న అక్కడ దిగిన తెల్ల సిపాయిలు ఇద్దరు ఆడవాళ్ల వెంటపడ్డారు. వాళ్లు పరుగెత్తి రైల్వే గేటు గదిలో దూరారు. గేటు కాపలా హంపన్న తలుపుకు అడ్డం నిలబడ్డాడు. తుపాకీతో కాల్చేశారు. మద్రాసులో విచారణ జరిగి నిందితుడు నిర్దోషిగా బయటపడ్డాడు. గుత్తి వకీలు కేశవపిళ్లె ఈ సంగతిని పట్టుకుని వదల్లేదు. 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసు సభకు పోయినవాడాయన. హంపన్న ఏ జెండా పట్టలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. నన్నడిగితే జిల్లా పోరాట చరిత్రలో మొదటి పేజీ ఆ గేటుదే.

కరువు సీమ కాబట్టి తిరుగుబాటుదారులు పుట్టారని సభల్లో ఊదరగొడతారు. నేను ఒప్పుకోను. కరువు వస్తే మావాళ్లు మూట కట్టుకుని బెంగళూరు బస్సెక్కుతారు. తిరగబడింది కాస్త కడుపు నిండి నాలుగక్షరాలు చదివినవాళ్లు. 1916లో వచ్చిన దత్తమండల కళాశాల, 1926లో పప్పూరు రామాచార్యులు మొదలుపెట్టిన శ్రీసాధన పత్రిక చేసినంత పని కరువు చేయలేదు. ఆ కాలేజీ పంతులు చిలుకూరి నారాయణరావే 1928లో నంద్యాల సభలో ‘రాయలసీమ’ పేరు పెట్టింది.

కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డినే చూడండి. భూములున్న ఇంటి బిడ్డ. రిషివ్యాలీ, మద్రాసు లయోలా, కాశీ విశ్వవిద్యాలయం తిరిగొచ్చాడు. తన ఊరివాడే అయిన విద్వాన్ విశ్వంతో కలిసి నవ్యసాహిత్యమాల పేరుతో పుస్తకాలు వేశాడు. యుద్ధం వల్ల జనం మీద పడే భారం గురించి చిన్న పుస్తకం తెచ్చినందుకు 1940లో జైలుకు పంపారు.

1952 ఎన్నికలనాటికి మళ్లీ జైల్లోనే ఉన్నాడు. అనంతపురంలో కాంగ్రెసు తరఫున ఎదురు నిలిచింది సొంత బావ నీలం సంజీవరెడ్డి. మనిషి ప్రచారానికి రాకుండానే నాగిరెడ్డి గెలిచాడు. పెళ్లిళ్లలో ఒకే పంక్తిన కూర్చునే రెండిళ్లు! అదే అనంతపురం నుంచి 1957లో పార్లమెంటుకు కూడా పోయాడు. తర్వాత మళ్లీ శాసనసభకు వచ్చి, 1969లో దానికి రాజీనామా చేసి బయటికొచ్చాడు. ఎమర్జెన్సీలో అజ్ఞాతంలో ఉండగానే 1976 జులైలో చనిపోయాడు. మరుసటి ఏడాది బావ రాష్ట్రపతి అయ్యాడు.

ఇద్దరినీ ఒకే మైకులో పొగిడే వక్తలు మా వైపు బోలెడుమంది. నాకది మింగుడుపడదు. 1952లో బ్యాలెట్ పెట్టె ముందు నిలబడ్డ రైతుకు ఇద్దర్నీ ఎంచుకునే వీలు లేదు కదా.