మునిగిన మోటారుకి మళ్ళీ నీళ్ళు

2022 సెప్టెంబరులో బెంగుళూరు అవుటర్ రింగ్ రోడ్డు చెరువైపోయినప్పుడు, మా ఆఫీసు క్యాంపస్‌లో జనాన్ని తిప్పే గోల్ఫ్ కార్ట్ కూడా సీట్ల దాకా మునిగింది. నీళ్ళు తీసిన మర్నాడే ఎవరో ఉత్సాహంగా తాళం తిప్పారు. టప్‌మని ఒక చప్పుడు, కాస్త పొగ. కంట్రోలర్ పోయింది. నాకు మాత్రం 2009లో ఎమ్మిగనూరులో మా మామ మోటార్ వైండింగ్ షాపు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆ ఏడు ముందంతా కరువే. సెప్టెంబరు చివర్లో మొదలైన వానలకి అక్టోబరు 2న తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచింది, హంద్రీతో కలిసి కర్నూలునీ ముంచింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు పైనే వచ్చాయి. ఆ డ్యాం కట్టింది సుమారు 19 లక్షలకి. మాకు దగ్గర్లోని నాగలదిన్నె వంతెన కొట్టుకుపోయింది. ఇదంతా పేపర్లలో వచ్చింది. ఏటి ఒడ్డు రైతుల మోటార్ల గురించి మాత్రం నేనెక్కడా చదవలేదు.

ఆ మోటార్లు ట్రాక్టర్లలో ఎమ్మిగనూరుకి, ఆదోనికి వచ్చాయి. ఆదోనిలో పత్తి మిల్లులున్నాయి కాబట్టి మోటారు పని తెలిసినవాళ్ళకి కొదవ లేదు. మామ అందరికీ ఒకటే మాట చెప్పేవాడు: "కరెంటు ఇయ్యద్దు, ముందు కడుగు."

నాకు నవ్వొచ్చేది. నీళ్ళలో మునిగినదాన్ని మళ్ళీ నీళ్ళతో కడగడమేంటి? కానీ విషయం అదే. వైండింగ్‌ని చెడగొట్టేది నీళ్ళకంటే అవి వదిలిపోయిన ఒండ్రు. అది ఎండి తీగల మధ్య పేరుకుంటే తేమని వదలదు. అందుకని విప్పి, మంచినీళ్ళతో కడిగి, ఎండలోనో బల్బుల వేడిలోనో ఆరబెట్టి, మెగ్గర్ కనీసం 1 మెగాఓమ్ చూపించాక వార్నిష్ పోసి, కొత్త బేరింగులు వేసేవాడు. అలా చాలా మోటార్లు బతికాయి.

మా నాన్న మాత్రం కరెంటు రాగానే స్టార్టర్ నొక్కాడు. బావమరిదిని అడగడమేంటని కూడా అనుకున్నాడేమో. వైండింగ్ మొత్తం కాలిపోయింది. కొత్తగా చుట్టాలంటే రాగి తీగకి డబ్బుల్లేవు. ఆ రబీ మాకు లేదు. దాని గురించి ఇంట్లో ఇప్పటికీ ఎవరం మాట్లాడం.

కార్ట్ సంగతి మామకి ఫోన్ చేసి చెప్తే, "బ్యాటరీ వైరు పీకినారా లేదా?" అన్నాడు. నేనింత చదివీ ఆలోచించని సంగతి అది. 2009లో ఊళ్ళకి కరెంటు పోయింది కాబట్టి మోటార్లు కరెంటు లేకుండానే మునిగాయి. బ్యాటరీ బండి అలా కాదు, తన కరెంటు తనతోనే మునుగుతుంది. నీళ్ళలో ఉన్నంతసేపూ డీసీ కరెంటు టెర్మినళ్ళని, రాగిని తినేస్తూనే ఉంటుంది. కాబట్టి మొదటి పని నెగటివ్ వైరు తియ్యడం, కడగడం ఆ తర్వాతే.

కార్ట్ మోటారుని కడిగి, ఆరబెట్టి, కార్బన్ బ్రష్‌లు మారిస్తే తిరిగింది. కంట్రోలర్ కొత్తది కొనాల్సొచ్చింది. లిథియం బ్యాటరీ బండ్లు మునిగితే మాత్రం సొంత ప్రయోగాలొద్దు. అవి రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. ఇంటికి దూరంగా నిలబెట్టి తెలిసినవాళ్ళని పిలవండి.

ఏ బండైనా సరే, వరద తగ్గగానే ముందు తాళంచెవి దాచెయ్యండి. మా నాన్నలాంటివాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు :)