నీడకు వన్నె ఎక్కడిది?

'ఛాయ' అంటే నీడ, 'ఛాయ' అంటే వన్నె కూడా. చామనచాయ, ఎఱుపుఛాయ అని నిత్యం అంటూనే ఉంటాము. ఏండ్ల తరబడి ఈ నానార్థాన్ని పిల్లలకు వల్లె వేయించిన నాకు, నీడకు నిజంగానే రంగున్నదా అన్న ప్రశ్నపై పాశ్చాత్య చిత్రకారులు పడిన అగచాట్లు చదువుతూంటే మహా ముచ్చటగా ఉన్నది.

అస్తమయవేళ ఎఱ్ఱని ఎండలో పడే నీడలు నీలంగా ఉంటాయని లియొనార్డో డావించీ తన వ్రాతపుస్తకాలలో ఏనాడో గుర్తించాడు. జర్మన్ మహాకవి గేథే శీతకాలంలో బ్రోకెన్ పర్వతం దిగివస్తూ, మంచుపై నీడలు పగలు లేత ఊదాగానూ, పొద్దు వాలి మంచు అరుణవర్ణం దాల్చినప్పుడు పచ్చలవలె ఆకుపచ్చగానూ మారటం చూశాడు. 1810లో వెలువడిన తన వర్ణశాస్త్ర గ్రంథంలో ఆ సంగతి వ్రాశాడు.

అయితే అది మంచులో ఉన్నదా, కంటిలో ఉన్నదా? దీనిని పరీక్షకు పెట్టినవాడు రమ్‌ఫర్డ్ ప్రభువు. 1794లో ప్రకటించిన ఆయన ప్రయోగం చూడండి. తెల్లకాగితం ముందు ఒక వస్తువు, దానికి చెరొక ప్రక్క దీపం. రెండు నీడలు పడతాయి. ఒక దీపానికి పసుపుపచ్చ గాజు అడ్డుపెడితే, ఆ దీపపు వెలుగు మాత్రమే సోకే నీడ పసుపుగా కనబడుతుంది. అందులో వింత లేదు. రెండవ నీడపై పడేది మామూలు వెలుగే. కాని అది చక్కని నీలంగా కనబడింది! రమ్‌ఫర్డ్ ఒక సన్నని గొట్టంలోనుంచి, చుట్టూ ఉన్న పసుపు కనబడకుండా, ఆ నీడను మాత్రమే చూశాడు. నీలం మాయం. ప్రక్కనున్న సహాయకుడేమో అదే నీడను చూచి, ఎంత చక్కని నీలమో అని మెచ్చుకొంటూనే ఉన్నాడట.

ఆలంకారికులు దీనిని భ్రాంతిమంతంలో చేర్చేవారేమో! పసుపు ప్రక్కన చేరిన నిర్వర్ణానికి కన్ను నీలం పులుముతుంది. 1839లో షెవ్రూల్ అనే రసాయనవేత్త, ప్రక్కప్రక్క రంగులు ఒకదానినొకటి మార్చే ఈ తీరుపై పెద్ద గ్రంథమే వ్రాశాడు.

మంచుపై నీడకు మాత్రం రెండు కారణాలూ కలసివస్తాయి. సూర్యుడు సోకని ఆ చోట నీలాకాశపు వెలుగు నిజంగానే పడుతుంది; చుట్టూ మెరిసే మంచు పసుపుతనం వలన కన్ను ఆ నీలాన్ని మరింత గాఢం చేస్తుంది. క్లోద్ మొనే 1868-69 శీతకాలంలో వేసిన 'లా పీ' చిత్రంలో తడకల కంచె నీడ మంచుపై నీలంగా పరచుకొని ఉంటుంది. 1869లో పారిస్ సలోన్ వారు దానిని త్రోసిపుచ్చారు. నేడది అదే నగరంలో ఓర్సే మ్యూజియంలో ఉన్నది. ఆ నీడకు బొగ్గునలుపు పూసి ఉంటే మంచు వెలవెలపోయేదని నా అభిప్రాయం.

రెన్వార్ పాట్లు ఇంకా ఘోరం. 1876 ప్రదర్శనలో ఆయన ఉంచిన ఒక చిత్రంలో చెట్ల మధ్య ఎండలో ఉన్న స్త్రీ మేనిపై ఆకుపచ్చ, ఊదా మరకలు ఉన్నాయి. ఆకుల నడుమ జారిన వెలుగు శరీరంపై వ్రాలిన తీరు అది. ఒక వస్తువు తన గుణాన్ని విడిచి పొరుగు వస్తువు గుణాన్ని గ్రహిస్తే తద్గుణాలంకారమని మన పండితులు పేరు పెట్టి మెచ్చుకొంటారు. 'ఫిగారో' పత్రికలో ఆల్బర్ట్ వోల్ఫ్ అనే విమర్శకునికి మాత్రం ఆ మేనిలో కుళ్ళుతున్న శవం కనబడింది.