విరామం కొలతకు కుట్టిన ఆట

యూఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకూ మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా నేరెండలో పని చేయించకూడదు. 2005లో మొదలైన ఈ కట్టడి, అబుదాబి నగరం వెలుపల అల్ ఐన్ వెళ్లే దారిలో ఉన్న బనియాస్‌కూ, దాని దాపులనే ఉన్న ముసఫ్ఫా పారిశ్రామిక వాడకూ వర్తిస్తుంది. బనియాస్ అన్నది నిజానికి ఒక తెగ పేరు. అబుదాబిని ఏలే ఆల్ నహ్యాన్ కుటుంబం ఆ బనీ యాస్ తెగలోదే. ఆ పేరు పెట్టుకున్న ఊళ్లోనూ, చుట్టుపక్కల క్యాంపుల్లోనూ ఇప్పుడు వినిపించేది అరబ్బీ ఒక్కటే కాదు. నిజామాబాద్, కరీంనగర్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్ బాట పట్టిన తెలుగువాళ్ల మాటా వినిపిస్తుంది. రెండున్నర గంటల విరామం లెక్కకు పెద్దదే. తిండీ, కాసేపు నడుం వాల్చడమూ పోతే మిగిలేవి తునకలు. డ్యూటీ బస్సు కోసం నిలబడే పావుగంటా, స్నానానికి వంతు వచ్చేదాకా పట్టే పది నిమిషాలూ అలాంటివే. సినిమాకు చాలవు, నిద్రకు చాలవు. అరచేతిలో ఇమిడే వీడియో గేమ్ పుట్టుపూర్వోత్తరాలను ఈ తునకల దగ్గర మొదలుపెట్టి చదవాలి. ఆ యంత్రాన్ని నిలబెట్టింది చిప్పు బలమూ కాదు, తెర రంగులూ కాదు. మనిషికి దొరికే ఖాళీ సమయం కొలతకు సరిగ్గా కుదిరిన ఆటే నిలబెట్టింది.

ఇలాంటి వాటిని పరిశ్రమ క్యాజువల్ గేమ్స్ అంటుంది. మనకు అంతకన్నా నిండైన మాట ఉంది: కాలక్షేపం. పొద్దుపోక చేసే పనికీ అదే పేరు, రాత్రంతా నడిచే హరికథకూ అదే పేరు. పొద్దు పుచ్చడం తప్పని మన భాష ఎన్నడూ అనుకోలేదన్నమాట. అయితే ప్రతి ఆటా మంచి కాలక్షేపం కాదు. దానికి మూడు గుణాలు కావాలి. నిమిషంలో పట్టుబడాలి, పిలుపు రాగానే పక్కన పెట్టేందుకు వీలుండాలి, దానంతట అది అయిపోవాలి. మొదటి రెండూ అందరూ ఒప్పుకునేవే. మూడోదాన్ని మాత్రం చాలామంది లోపమనుకుంటారు. అసలు కీలకం అక్కడే ఉంది.

ఈ మూడు గుణాలూ కరెంటు రాకముందే స్థిరపడ్డాయి. పులిజూదానికి నేల మీద బొగ్గుతో గీసిన గీతలూ, 23 చుక్కలూ, 3 పులులూ, 15 మేకలూ చాలు. మేకలుగా గులకరాళ్లు, పులులుగా కాస్త పెద్ద రాళ్లు. ఆట అయ్యాక లేచి దులుపుకుని పోవచ్చు. వామనగుంటలకు రెండు వరసల గుంటలు, గుప్పెడు చింతపిక్కలు. గల్ఫ్ తీరానికీ ఈ తరహా ఆట కొత్తది కాదు. ఒమన్‌లో హవాలిస్ అనే గుంటల ఆట ఉంది. ఖతార్‌లోని అల్ జసాసియా రాళ్ల మీద జంట వరసల్లో తొలిచిన చిన్న గుంటలు కనిపిస్తాయి. అవి ఇలాంటి ఆటకే అయి ఉండొచ్చని పరిశోధకుల్లో ఒక అభిప్రాయం. పశువుల కాపరి, పడవ సరంగు, కూలి మనిషి: వీళ్లకు ఆట సామాను మోసుకు తిరిగే వీలు లేదు. అందుకే సామాను వాళ్లున్న చోటే దొరికేలా ఆట రూపుదిద్దుకుంది.

నేల మీద గీతలకూ సిలికాన్ చిప్పుకూ చుట్టరికం కలపడం అతిశయమని ఎవరైనా అనొచ్చు. అనడంలో న్యాయముంది. పులిజూదం నుంచి వీడియో గేమ్ పుట్టలేదు. కానీ ఒకే అవసరం పదేపదే ఒకే ఆకారాన్ని పుట్టించిందని చెప్పడానికి సాక్ష్యముంది. అందులో కొంత వంశవృక్షం కూడా లేకపోలేదు. మన వైకుంఠపాళి 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండు చేరి, మోక్షాన్ని వదిలేసి పాములూ నిచ్చెనలూ మాత్రం మిగుల్చుకుంది. 1943లో దాన్ని పిల్లల జారుడుబల్లల ఆటగా మార్చి అమెరికాలో అమ్మింది మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ. ఆ కంపెనీని నెలకొల్పిన మిల్టన్ బ్రాడ్లీయే 1861లో, అంతర్యుద్ధం మొదలైన ఏడాది, సైనికుల కోసం జేబులో పట్టే ఆటల పెట్టె తయారుచేశాడు. యుద్ధంలో సైనికుడి సమయంలో ఎక్కువ భాగం పోరాటం కాదు, ఎదురుచూపు. అదే కంపెనీ 1979లో మైక్రోవిజన్‌ను బజారులోకి తెచ్చింది. క్యాసెట్ మార్చినట్టు ఆటలు మార్చుకునే మొదటి చేతి యంత్రం అది. దాని తెరంతా కలిపి అడ్డం 16, నిలువు 16 చుక్కలు. ఎదురుచూపును ముందు అట్టముక్కతోనూ, తరవాత చిప్పుతోనూ నింపింది ఒకే సంస్థ.

అయితే ఈ చరిత్రను అసలు మలుపు తిప్పినవాడు జపాన్ ఇంజనీరు గున్‌పే యొకోయి. 1889లో క్యోటోలో పేకముక్కల కంపెనీగా పుట్టిన నింటెండోలో ఆయన 1965లో యంత్రాల మరమ్మతు పనికి చేరాడు. బుల్లెట్ రైల్లో ఒక ఉద్యోగి ఊరికే క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ పొద్దుపుచ్చడం చూసి ఆయనకు ఆలోచన తట్టిందంటారు. క్యాలిక్యులేటర్ కంపెనీల పోటీతో అప్పటికే ద్రవస్ఫటిక తెరలు చవకబడ్డాయి. 1980లో వచ్చిన గేమ్ అండ్ వాచ్ అలా పుట్టింది. పేరులోనే ఉంది దాని గుట్టు: ఆడితే ఆట, ఆడకపోతే గడియారం. మొదటి ఆట ‘బాల్’లో ఒక బొమ్మమనిషి బంతులు ఎగరేస్తాడు, జారిపోకుండా పట్టుకోవాలి. ఇంకేమీ లేదు. వాడి వాడి అరిగి, చవకై, గుణదోషాలన్నీ తేటపడిన సాంకేతికతనే తీసుకుని, దాన్ని ఎవరూ ఊహించని పనికి పెట్టడం యొకోయి సూత్రం. పాత చీరను చించి బొంత కుట్టే ఇల్లాలికి ఈ సూత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ సూత్రానికి అతిపెద్ద పరీక్ష 1989లో వచ్చింది. నింటెండో గేమ్ బాయ్ తెర నాలుగు ఛాయల్లో పాచిరంగులో ఉండేది. వెనకనుంచి వెలుతురు రాదు. అదే ఏడాది అటారీ లింక్స్, మరుసటేడు సెగా గేమ్ గేర్ రంగుల తెరలతో దిగాయి. యంత్రబలమే ఆటకు బలమైతే గెలవాల్సింది అవే. గేమ్ గేర్ 6 బ్యాటరీలు మింగి మూడు నుంచి ఐదు గంటలు నడిచేది. గేమ్ బాయ్ 4 బ్యాటరీలతో పది గంటలు దాటి నడిచేది. ప్లగ్గు దొరకని చోట ఈ తేడాయే తీర్పు చెప్పింది. గేమ్ బాయ్, దాని రంగుల తమ్ముడూ కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. పెట్టెతో పాటు ఏ ఆట ఇవ్వాలన్నదీ అప్పుడే తేలాల్సి వచ్చింది. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 1984లో ఎలక్ట్రోనికా 60 కంప్యూటర్ మీద రాసిన టెట్రిస్ ఇవ్వమని ఆటల ప్రచురణకర్త హెంక్ రోజర్స్ పట్టుబట్టాడు. మారియో ఇస్తే పిల్లలు కొంటారు, టెట్రిస్ ఇస్తే అందరూ కొంటారన్నది ఆయన వాదం. ఆయన లెక్క తప్పలేదు. ఒక సైనికుడిదైన, గల్ఫ్ యుద్ధంలో మంటల్లో చిక్కి ముందుభాగమంతా కరిగి బొబ్బలెక్కిన గేమ్ బాయ్‌ను నింటెండో చాలా ఏళ్లు న్యూయార్క్ దుకాణంలో ప్రదర్శనకు పెట్టింది. దాని తెర మీద ఆడుతూ ఉండింది టెట్రిసే.

అయినా గేమ్ బాయ్ చరిత్ర కూలివాడి చరిత్ర కాదు. ఆ ధర అతను పెట్టలేడు. అతని ఇంటికి చేరింది చైనా నుంచి వచ్చిన బ్రిక్ గేమ్. 1990లలో గల్ఫ్ నుంచి సెలవుకొచ్చేవాళ్ల పెట్టెల్లో సెంటు సీసాల పక్కనా, ఇక్కడి తిరునాళ్ల అంగళ్లలో ప్లాస్టిక్ కళ్లద్దాల పక్కనా అదే. ఇంటింటా దాని పేరు ఒట్టి ‘వీడియో గేమ్’. దాన్నొకసారి దగ్గరగా చూడాలి. బూడిదరంగు తెర మీద అడ్డం 10, నిలువు 20 గళ్లు. ఆపేసి ఏటవాలుగా పట్టుకుంటే, నల్లబడని గళ్లన్నీ నీడల్లా కనిపిస్తాయి. ఏ గడి ఎక్కడన్నది ఫ్యాక్టరీలోనే అచ్చయిపోయింది, నల్లబడటమో మాయమవడమో తప్ప వాటికి వేరే పని లేదు. ఎడమన నాలుగు దిక్కుల బటన్లు, కుడిన ఇటుక తిప్పడానికి ఒక పెద్ద బటన్, మధ్యలో మెత్తటి రబ్బరు చుక్కలు. డబ్బా మీద ‘9999 ఆటలు’ అని ఉంటుంది. లోపల ఉన్నవి నాలుగైదు రకాలే: ఇటుకలు, పాము, కారు, ట్యాంకు. వేగమూ మెట్టూ మార్చి లెక్క పెంచారు. అంకెలో మోసం ఉంది గానీ ఆటలో లేదు. పైనుంచి పడే వెలుగును తిప్పికొట్టే తెర కాబట్టి ఆరుబయట అది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బయట నిలబడి బస్సు కోసం చూసే మనిషికి ఇంతకన్నా తగిన తెర లేదు.

ఇటుకల తరవాత పాము వచ్చింది. ఫిన్లండ్ ఇంజనీరు తనేలి అర్మంతో 1997లో నోకియా 6110 కోసం స్నేక్ రాశాడు. మూలం 1976 నాటి బ్లాకేడ్ అనే ఆర్కేడ్ ఆట. 2003లో వచ్చిన నోకియా 1100 టార్చిలైటుతో, దుమ్ముకు తట్టుకునే మీటలతో, మనలాంటి దేశాల కోసమే తయారైంది. అందులోనూ పాము ఉంది. ఇంటికి మాట్లాడటానికి కొన్న ఫోను ఇలా, ఎవరూ అడగకుండానే, ఆట యంత్రమైంది. మాట నిమిషాలకు డబ్బు పడేది, పాముకు పడేది కాదు. తిన్నకొద్దీ పాము పొడుగవుతుంది, పొడుగైనకొద్దీ తన తోకే తనకు అడ్డం. ఎంత ఆరితేరినవాడైనా చివరికి ఓడాల్సిందే. ఆ ఓటమిలోనే మర్యాద ఉంది: ఆట అయిపోయింది, ఇక నీ పని చూసుకో అని అదే చెబుతుంది.

ఇవి తేలికపాటి ఆటలు, వీటికింత చరిత్ర అవసరమా అని గంభీరమైన ఆటల అభిమానులు అడుగుతారు. నేర్చుకోవడం తేలికైతే లోతు తక్కువని కాదు. రాబోయే ముక్కలన్నీ ముందే తెలిసినా టెట్రిస్‌ను అత్యుత్తమంగా ఆడటం కంప్యూటర్లకు సైతం లొంగని లెక్కల కోవకు చెందుతుందని ఎంఐటీ పరిశోధకులు 2002లో నిరూపించారు. తరవాతి చేతి యంత్రాల్లో నిలిచిన కాలక్షేపం ఆటలూ ఈ బాటలోనివే. 2003 నాటి వారియోవేర్‌లో ఒక్కో ఆట కొన్ని సెకన్లే. పిక్రాస్‌లో అంకెల ఆధారంగా గళ్లు నింపితే బొమ్మ తేలుతుంది, సగంలో వదిలినా చెడిపోయేదేమీ లేదు. 2004 నాటి నింటెండో డీఎస్ మూత మూస్తే చాలు, ఆట ఎక్కడిదక్కడ ఆగుతుంది. 15 కోట్లకు పైగా అమ్ముడైన ఆ యంత్రానికి రెండో తెర ఎంత ముఖ్యమో ఆ మూతా అంతే ముఖ్యం. 2022లో వచ్చిన ప్లేడేట్ అయితే నలుపు తెలుపు తెరతో, పక్కనొక చిన్న తిప్పుడు పిడితో యొకోయి దారినే మళ్లీ పట్టింది.

మరి ఇప్పుడు ఫోనులో వేలకొద్దీ ఆటలు ఉచితంగా దొరుకుతుంటే పాతవాటిని పొగడటం ఎందుకు? ఈ ప్రశ్నే అన్నిటికన్నా బలమైనది. ఉచితమన్నది నిజమే, కూలివాడికి అది చిన్న విషయమూ కాదు. అయితే ఆ ఉచితం ఎలా గిట్టుబాటవుతుందో చూడాలి. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగాలో ఐదు ప్రాణాలుంటాయి. అన్నీ పోతే ఒక్కో ప్రాణం తిరిగి రావడానికి 30 నిమిషాలు పడుతుంది. ఆగలేకపోతే డబ్బు కట్టొచ్చు. పాత ఆట మన ఎదురుచూపును నింపింది. కొత్త ఆట తానే ఎదురుచూపు తయారుచేసి మనకే అమ్ముతోంది. దానంతట అది అయిపోవడమన్న మూడో గుణాన్ని తీసేసింది అందుకే. అయిపోయే ఆటకు రేపు మళ్లీ వసూలు ఉండదు. ఆ దారి చివర పందెం ఆటలున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్రం 2025లో వాటి మీద చట్టాలు తెచ్చాయంటే గుంట ఎంత లోతో తెలుస్తుంది. పులిజూదం పేరులో జూదముంది గానీ పందెం లేదు. వీటి పేరులో ఆట ఉంది, లోపల జూదమే.

అన్ని ఫోను ఆటలనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. పాతరకం టెట్రిసూ పామూ, డబ్బు పెట్టని లూడో, చదరంగం కూడా అదే తెర మీద దొరుకుతాయి. గొడవ యంత్రంతో కాదు. ఆట మన విరామానికి లోబడి ఉందా, మన విరామమే ఆటకు లోబడుతోందా అన్నదే తేల్చుకోవాల్సింది. ఈ కొలతతో చూస్తే ఉత్తమ కాలక్షేపం ఆటల జాబితా రంగుల ప్రకటనలను బట్టి మారదు: టెట్రిస్, పాము, పిక్రాస్, వారియోవేర్, వీటికి ముందు వామనగుంటలు. వీటిలో ఏది ఆడుతున్నా, బనియాస్‌లో మూడు కొట్టగానే హెల్మెట్ అందుకుని లేచేవాడికి వెనక్కి లాగే చెయ్యి ఉండదు. ఇటుకలు పైదాకా పేరుకుంటాయి, పాము తన తోకనే కరుస్తుంది, బ్యాటరీ మిగిలే ఉంటుంది.