క్యాసెట్టు రాకముందు మన పాట



మన యవ్వనస్థులు కూడుకున్నప్పుడు ఈ మధ్య పాటల గురించే మాట్లాడుకుంటున్నారు. ఎవరికి ఏ ఆల్బమ్ ఇష్టం, ఏ సభలో ఏ పాట వింటే గుండె కరిగింది, ఎవరి గొంతు బాగుంటుంది, ఇవే మాటలు. వినడానికి నాకూ సంతోషంగానే ఉంటుంది. అయితే వాళ్ల జ్ఞాపకాలు ఫోను దగ్గర మొదలై, మహా అయితే నాన్న దాచిన క్యాసెట్ల దగ్గర ఆగిపోతున్నాయి. అంతకుముందు మన సంఘాలు ఏం పాడాయో, ఎవరి దగ్గర నేర్చుకున్నాయో చెప్పేవాళ్లు తగ్గిపోయారు. అందుకని ఈ వారం కొంచెం చరిత్ర రాస్తున్నాను.

మన నెల్లూరు మిషను నిలబడిందే ఒక పద్యం వల్ల. 1840లో శామ్యూల్ డే దొరగారు నెల్లూరులో పని మొదలుపెట్టారు. పదమూడేళ్లు గడిచినా చెప్పుకోదగ్గ ఫలితం కనబడలేదు. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణంలో బాప్టిస్టు మిషను పెద్దలు కూడి, నెల్లూరు పని మూసేద్దామా అని ఆలోచించారు. వాళ్ల పటంలో బర్మా వైపు చుక్కలు గుంపుగా ఉంటే, తెలుగువాళ్ల మధ్య నెల్లూరు ఒక్కటే ఒంటరి చుక్క. ఆ సభకు వచ్చినవారిలో శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే పాస్టరుగారు ఉన్నారు. అమెరికావాళ్లు నేటికీ పాడుకునే దేశభక్తి గీతం ఒకటి ఆయన రాసిందే. ఆ ఒంటరి నక్షత్రం మీద ఆయన రాత్రికి రాత్రే కొన్ని చరణాలు రాశారు. మర్నాడు వాటిని సభలో చదివి వినిపిస్తే విన్నవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. మిషను మూతపడలేదు. లోన్ స్టార్ మిషన్ అన్న పేరు అలా వచ్చింది. నెల్లూరు ఎలా ఉంటుందో చూడని ఒక మనిషి కొన్ని చరణాలు రాయబట్టి మనకు సువార్త ఆగలేదు. పాటకు ఎంత బలముందో ఇంతకంటే నేను చెప్పలేను.

మరుసటి సంవత్సరం, 1854 జనవరి 1న, తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు కూడారు. లైమన్ జ్యూయెట్ దంపతులు, వారితో జూలియమ్మ, రూతమ్మ, నర్సు అనే తెలుగు విశ్వాసులు. పాడారు, యెషయా 52వ అధ్యాయం చదివారు, ప్రార్థించారు. మైకు లేదు, వినేవాళ్లూ లేరు. ఇరవై నాలుగేళ్ల తరువాత, కరువు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. 1885లో ఉదయగిరిలో, 1893లో ఆత్మకూరులో మిషను స్టేషన్లు వచ్చాయి. దుత్తలూరు వైపు మన పాలేలకు సువార్త నడిచొచ్చిన దారి అదే.

మరి ఆ కొత్త విశ్వాసులు ఏం పాడారు? దొరలు ఇంగ్లీషు పాటలు తెలుగు చేయించారు. అవి పుస్తకంలో బాగానే ఉన్నాయి గానీ నోటికి అంత సులువుగా రాలేదు. ఇంగ్లీషు రాగం ఊనికను బట్టి నడుస్తుంది, తెలుగు మాట దీర్ఘాన్ని బట్టి నడుస్తుంది. పొడుగ్గా పలకాల్సిన అక్షరం పొట్టి స్వరం కింద పడితే పాడేవాడి గొంతు తడబడుతుంది. ఇప్పటికీ కొన్ని పాటల్లో ఆ ఇబ్బంది మీకు తెలుస్తూనే ఉంటుంది.

ఆ చిక్కును విప్పిన మనిషి పురుషోత్తమ చౌదరిగారు. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, 1890 దాకా జీవించారు. ఆయన చేసిన పని చూడడానికి చిన్నదే. పల్లవి, అనుపల్లవి, చరణం అనే మన కీర్తన కట్టడాన్ని అలాగే ఉంచి, అందులో క్రీస్తును పాడారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తీసి చూడండి, పాట మీద రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. మనం వాటిని చదవకుండా దాటేస్తాం. అవి అలంకారానికి వేసినవి కావు, స్వరం రాసుకోవడం తెలియని రోజుల్లో పాటకు అదే చిరునామా.

కానీ మన పాలేలలో రాగం పేరు చదివి పాడినవాళ్లు ఎందరు? పుస్తకం ఉపదేశి చేతిలో ఒకటి ఉంటే గొప్ప. ఆయన ఒక వరుస చెప్తే జనం ఆ వరుస పట్టుకునేవాళ్లు. ఆయన మరొక ఊరికి వెళ్లిపోయాక, జనానికి గుర్తున్నదే పాట. అప్పటికే వాళ్ల చెవుల్లో ఉన్న బాణీలు అందులో కలిశాయి. తత్వాలు, భజనలు, నాట్ల పాటలు, జోలపాటలు. 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్యగారు అంతకుముందు యోగుల దగ్గర శిష్యరికం చేసిన మనిషి. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ దొరసానిగారు 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఆ గురువుల సంగతి, మాదిగపల్లెల సంగతి వివరంగా రాశారు. అటువంటివారు క్రీస్తు దగ్గరికి వచ్చేటప్పుడు తమ గొంతును ఊరి బయట వదిలేసి రాలేదు. డప్పు మాత్రం బయట ఉండిపోయింది. హార్మోనియం లోపలికి వచ్చింది, డప్పు చాలాకాలం గుడి మెట్టు ఎక్కలేదు. ఎందుకో మనకందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మిర్యాము తంబుర పట్టుకుని నిలబడినప్పుడు అది ఏ కులం వాయిద్యం అని ఎవరూ అడగలేదు (నిర్గమ 15).

ఈ విధంగా ఒకే కీర్తన ఊరికో బాణీగా స్థిరపడింది. కొండ కింద ఒక విధం, రెండు ఊళ్లవతల ఇంకొక విధం. కోడలు వచ్చినప్పుడు పుట్టింటి బాణీ తెచ్చేది, కొన్నాళ్లు ఇద్దరూ పోట్లాడి, చివరికి అత్తగారి బాణీయే గెలిచేది.

మన దేశంలో గ్రామఫోను రికార్డింగు 1902లో మొదలైంది. కలకత్తాలో గౌహర్ జాన్ గొంతు ఆ ఏడాది నవంబరులోనే పట్టారు. ఒక పక్కకు మూడు నిమిషాలు దాటి పట్టదు కాబట్టి పాటను కత్తిరించి పాడాల్సి వచ్చింది. మన పల్లెలకు ఆ పెట్టె చేరలేదు గనుక దాన్ని గురించి ఇక్కడితో వదిలేస్తాను.

మన పెద్దలకు పెద్ద సంగీతం వినిపించింది సభలు. భక్తసింగ్‌గారు 1941లో మద్రాసులో పరిశుద్ధ సమావేశాలు ఆరంభించారు, ఆ తరువాత హైదరాబాదు హెబ్రోనులోనూ జరిగాయి. వేలమంది పందిళ్లలో పడుకుని, నేల మీద కలిసి భోంచేసి, రోజుల తరబడి పాడేవాళ్లు. సీయోను గీతములు పుస్తకం ఆ కూడికలతోనే ఇంటింటికీ వెళ్లింది. గుంటూరు దగ్గర కాకానిలో బైబిలు మిషను వారి జనవరి మహాసభలు, ఇటీవలి కాలంలో లేమల్లెలో హోసన్నా వారి గుడారాల పండుగ, ఇవీ ఆ వరుసలోనివే. సభ నుండి తిరిగొచ్చే లారీలో ఆడవాళ్లు కొత్త పాటను అందరూ కలిసి గుర్తు చేసుకునేవాళ్లు. ఒకరికి పల్లవి, ఇంకొకరికి రెండో చరణం. మరిచిపోయిన చోట సొంత మాట వేసేవాళ్లు. ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి పౌలు, సీల పాడుతుంటే ఖైదీలు విన్నారని ఉంది (అపొ. కార్య. 16:25). ఆ ఖైదీలు మర్నాడు ఎవరికైనా ఆ పాట వినిపించి ఉంటే, అచ్చం అదే బాణీలో వినిపించి ఉంటారా? నాకు అనుమానమే.

తరువాత సినిమా. 1978 డిసెంబరులో కరుణామయుడు విడుదలైంది. దర్శకుడు భీంసింగ్‌గారు విడుదల చూడకుండానే ఆ ఏడాది జనవరిలో కన్నుమూశారు. క్రీస్తుగా విజయచందర్‌గారు నటించారు. సినిమా హాలు లేని పల్లెలకు ప్రొజెక్టరు, తెర బండిలో వేసుకొచ్చి చూపించారు. అందులో కరుణ రథం పాట రాసింది న్యాయవాది, నాటక రచయిత మోదుకూరి జాన్సన్‌గారు. సినిమాకు సంగీతం చేసిన ఇద్దరిలో ఒకరు ప్రజానాట్యమండలి నుండి వచ్చిన బి. గోపాలంగారు. పాడింది మన నెల్లూరు బాలుగారు. ఆయన తండ్రి సాంబమూర్తిగారు నెల్లూరులో హరికథలు చెప్పిన మనిషి. తిప్పరాజువారి వీధిలోని వారి ఇంటిని బాలుగారు 2020లో వేద పాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు. అదే ఏడాది సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. ఆ రోజు మన సంఘాల్లో ఎంతమంది కన్నీరు పెట్టారో మీకు తెలుసు. విశ్వాసి కానివారు పాడిన పాట మనం పాడవచ్చా అని కొందరు నన్ను అడుగుతుంటారు. శుభ శుక్రవారం నాడు ఆ పాట విని సిలువ ముందు మోకరించిన వాళ్లను చూశాను. అంతకంటే నాకు జవాబు అక్కర్లేదు.

అప్పుడే క్యాసెట్టు వచ్చింది. మన ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుండి కువైట్ వెళ్లినవాళ్లు టూ ఇన్ వన్ తెచ్చారు. కరెంటు పోతే నెల్లూరులో తయారైన నిప్పో సెల్లు వేసి వినేవాళ్లు. టేపు చిక్కుకుంటే పెన్సిలుతో చుట్టేవాళ్లు. చదువురాని తల్లులకు క్యాసెట్టు చేసిన మేలు ఇంతంత కాదు. పక్క మంచం మీద పెట్టుకుని జబ్బులో, ఒంటరితనంలో విన్నారు. సీషెల్స్ దీవుల నుండి ఫీబా రేడియో కూడా ఆ మేలే చేసింది. ఇప్పుడు కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మన చెల్లెళ్లు శుక్రవారం ఆరాధనకు వెళ్లే వీల్లేనప్పుడు చెవిలో ఫోను పెట్టుకుని పాడుకుంటున్నారు. బబులోను నదుల దగ్గర సితారలు చెట్లకు తగిలించినవాళ్లకు ఆ వసతి లేదు (కీర్తన 137).

మేలుతో పాటు ఒకటి పోయింది. మద్రాసు స్టూడియోలో ఒక సంగీత దర్శకుడు ఒక పూట తీసుకున్న బాణీ, క్యాసెట్టు ఎక్కగానే అసలు బాణీ అయిపోయింది. మిగిలినవన్నీ తప్పులయ్యాయి. ఇప్పుడు ట్రాక్ వచ్చాక ఇంకా గట్టిపడింది. ట్రాక్ ఆగదు, ముసలామె ఊపిరి తీసుకునేదాకా ఎదురుచూడదు. మనవడు అవ్వను ఆపి, "అవ్వా, నువ్వు తప్పు పాడతన్నావు, అది అట్లా కాదు" అంటాడు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. తరువాతి ఆదివారం పెదవులు మాత్రమే కదుపుతుంది. పిల్లలారా, మీ అవ్వ బాణీ ఆ క్యాసెట్టు కంటే పాతది. ఆమెకు వాళ్ల అమ్మ నేర్పింది, వాళ్లమ్మకు కీర్తనల పుస్తకం చంకన పెట్టుకుని ఉదయగిరి నుండి నడిచొచ్చిన ఉపదేశి నేర్పాడు. అది స్టూడియోలో ఎక్కడా లేదు.

ఆల్బములు వద్దని నేను అనడం లేదు. నా ఫోనులోనూ ఉన్నాయి. జనవరి ఒకటికి కొత్త పాటలు వస్తే నేనూ వింటాను. కాకపోతే మన మందిరంలో ఈ నెల నుండి రెండో ఆదివారం కీబోర్డు, ట్రాక్ లేకుండా మూడు కీర్తనలు పాడబోతున్నాం. ఎత్తేది అరవై దాటిన తల్లులు. మీకు తెలిసిన బాణీ వేరే ఊరిదైతే అలాగే పాడండి, సరిచేసుకోవద్దు. పక్కన కూర్చున్న పిల్లలు ఫోనులో రికార్డు చేసి, పాడినవారి పుట్టింటి ఊరి పేరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాసి నాకు పంపండి. మంచం పట్టినవారు ఉంటే కబురు పెట్టండి, మేమే ఇంటికి వస్తాం. శనివారం సాయంత్రం అయితే నాకు వీలు.