1833 లియోనిడ్ ఉల్కల వాన: పత్రికల పాత్ర

1833 నవంబరు 12 రాత్రి నుంచి 13 తెల్లవారుజాము వరకు ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతాల్లో లియోనిడ్‌లనే భారీ ఉల్కల వాన కురిసింది. గంటకు పదుల వేల ఉల్కలు రాలాయని అంచనా. పత్రికల ద్వారా సామాన్యుల పరిశీలనలను సేకరించి, వాటి ఆధారంగా ఒక ఖగోళ ఘటనను అధ్యయనం చేసిన తొలి సందర్భాల్లో ఇదొకటి. ఉల్కల గురించిన ఆధునిక అధ్యయనానికి ఇది పునాది వేసింది.

పాఠకులకు విన్నపం

ఆ రాత్రి ఆకాశాన్ని చూసి ప్రళయం వచ్చిందని భయపడినవారు చాలామంది. యేల్ కళాశాల ఆచార్యుడు డెనిసన్ ఓల్మ్‌స్టెడ్ తాను చూసిన దృశ్యాన్ని వెంటనే ‘న్యూ హేవెన్ డైలీ హెరాల్డ్’ పత్రికకు రాశాడు. ఇతరులు కూడా తాము గమనించిన వివరాలను తెలపాలని అందులో కోరాడు. ఆ వ్యాసాన్ని ఇతర పత్రికలు పునర్ముద్రించడంతో వేర్వేరు ప్రాంతాల నుంచి సమాచారం అందింది. భయంతోనో ఆశ్చర్యంతోనో ఆకాశం వైపు చూసిన మామూలు మనుషుల మాటకు శాస్త్రంలో చోటు దక్కడం ఈ ఘట్టానికున్న గొప్ప విశేషం.

ఫలితాలు

ఓల్మ్‌స్టెడ్ ఈ వివరాలను క్రోడీకరించి 1834లో ‘అమెరికన్ జర్నల్ ఆఫ్ సైన్స్ అండ్ ఆర్ట్స్’లో ప్రచురించాడు. ఉల్కలన్నీ సింహరాశిలోని ఒకే బిందువు నుంచి వెలువడినట్లు కనిపించాయి. భూమి తిరుగుతున్నా నక్షత్రాల మధ్య ఆ బిందువు స్థానం మారలేదు. అందువల్ల ఉల్కలు వాతావరణంలో పుట్టినవి కావని, అంతరిక్షం నుంచి వచ్చినవని ఆయన నిర్ధారించాడు.

యేల్‌కే చెందిన హ్యూబర్ట్ న్యూటన్ క్రీ.శ. 902 నాటి నుంచి ఉన్న చారిత్రక ఆధారాలను పరిశీలించి, ఇంత భారీ వాన సుమారు 33 ఏళ్లకోసారి వస్తుందని లెక్కగట్టాడు. ఆయన చెప్పినట్లే 1866లో ఐరోపాలో అది కనువిందు చేసింది. ఆ మరుసటి ఏడాదికల్లా టెంపెల్–టటిల్ తోకచుక్క విడిచిన ధూళే లియోనిడ్‌లకు మూలమని తేలింది.

1899 నిరాశ

1899లోనూ ఉల్కల వాన కురుస్తుందని పత్రికలు విస్తృతంగా ప్రచారం చేశాయి. గురు, శని గ్రహాల ఆకర్షణ వల్ల ధూళి ప్రవాహం పక్కకు జరగడంతో ఎదురుచూసిన ప్రజలకు నిరాశే మిగిలింది. ఖగోళశాస్త్రంపై జనానికున్న నమ్మకం దెబ్బతింది. అంచనాలో ఉన్న అనిశ్చితిని కూడా పాఠకులకు చెప్పడం ఎంత అవసరమో ఈ అనుభవం చాటింది. అయితే 1966 నవంబరులో అమెరికా పశ్చిమ ప్రాంతాలు మళ్లీ భారీ లియోనిడ్ వానను చూశాయి.

ప్రాముఖ్యం

సామాన్యుల పరిశీలనలను సేకరించే ఆ పద్ధతి ఇప్పటికీ కొనసాగుతోంది. 1911లో ఏర్పడిన అమెరికన్ మీటియర్ సొసైటీ నేటికీ ఔత్సాహికులు పంపే ఉల్కల లెక్కలను స్వీకరిస్తోంది. ఏటా నవంబరు 17 ప్రాంతంలో కనిపించే లియోనిడ్‌లను చూడటానికి టెలిస్కోపు అక్కర్లేదు. చీకటి ఆకాశం, ఓపిక ఉంటే ఎవరైనా పరిశీలకులు కావచ్చు.